షోలాపురములో మనవారి ఉపాధి సమస్య

(సంఘ వార్షిక సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



నేటి సాయంకాలము ఈ సభ ముందునకు ఒక తీర్మానము రానున్నది. పరీక్షలలో అధికముగా మార్కులు తెచ్చుకొన్న బాలబాలికలకు సంఘ విద్యానిధి నుండి ఏటేట బహుమానము లిచ్చుట మన ఆచారము. ఆ నిధిలో సగమును ఇకమీదట పనిలో నున్నవారి కొరకును, పని వెదకుకొనుచున్నవారి కొరకును వెచ్చింపవలెనని ఆ తీర్మానము కోరుచున్నది. దానిని బలపరచుచు మాటలాడుటకు నన్ను నియోగించిరి. దీనిని వ్యతిరేకించు పెద్దలును ఈ సభలో కలరు. వారి వాదమును నేను తేలికగా తీసికొనను.

మన పూర్వులు ఈ యూరికి ఎట్లు వచ్చిరో ప్రతి ఇంటను చెప్పుకొందురు. నిజాము రాజ్యములోని కరీంనగరము, నల్లగొండ, పాలమూరు, ఓరుగల్లు ప్రాంతములలో మగ్గము కూడు పెట్టనప్పుడు, వారు బ్రిటిషు ఏలుబడిలోని షోలాపురమునకు తరలివచ్చిరి. 1877లో ఇచట నూలు మిల్లు వెలసినది. దాని వెనుక మరికొన్ని మిల్లులు లేచినవి. మిల్లులో పని దొరుకుటకు నాడు పరీక్ష లేదు, సర్టిఫికేటు లేదు. ముందు వచ్చిన మేనమామ వెనుక వచ్చిన మేనల్లుని జాబరు నొద్దకు తీసికొనిపోయెడివాడు. జాబరు వాని చేతివాటము చూచి పనిలో పెట్టుకొనెడివాడు. ఆ పద్ధతి వలన మనవారికి మేలు జరిగిన మాట నిజమే. మేనమామ లేనివానికి ఆ తలుపు మూసియుండెననుటయు అంతే నిజము.

ఆ మిల్లులు ఒకటొకటిగా మూతపడినవి. వాని స్థానమున సాఖర్ పేట, భవానీ పేటలలోను, అక్కల్‌కోట రోడ్డు పారిశ్రామిక వాడలోను మరమగ్గముల కార్ఖానాలు నిలిచినవి. దుప్పట్లు, తువ్వాళ్లు వీనిలో తయారగుచున్నవి. షోలాపుర దుప్పటికి ప్రభుత్వము భౌగోళిక గుర్తింపు నిచ్చినది. దానిని నేసిన మనిషికి మాత్రము ఏ గుర్తింపు పత్రమును లేదు. ఇరువదియేండ్లు జకార్డు మగ్గము నడిపి, ఏ పోగు ఎచ్చట తెగినదో చప్పుడును బట్టి చెప్పగలవాడు, ఆ కార్ఖానా మూతపడిన మరునాడు పూణెలోనో భివండీలోనో పనికి పోయినచో, వానిని మొదటిదినపు కూలీగానే లెక్కింతురు. వాని విద్య వాని చేతిలోనే యున్నది, కాగితము మీద లేదు.

దీనికి చట్టములో మార్గము లేదా యని అడుగుదురు. 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చినది. 2019లో సవరించిన నియమముల ప్రకారము, ముప్పదిమంది లేక అంతకు మించి పనివారున్న సంస్థ, తన పనివారి సంఖ్యలో నూటికి రెండున్నర మొదలు పదునైదు వరకు అప్రెంటిసులను తీసికొని తీరవలెను. వినుటకు బాగుగనే యున్నది. కాని మన కార్ఖానాలలో ముప్పదిమంది పేర్లు ఒకే హాజరుపట్టీలో నున్నవి ఎన్ని? ఒకే కప్పు క్రింద, ఒకే కరెంటు తీగ మీద, తండ్రి పేర ఒకటి, కుమారుని పేర ఒకటి, కోడలి పేర ఒకటి – మూడు కార్ఖానాలు! ఇరువదిమందికి ప్రావిడెంటు ఫండు, పదిమందికి గ్రాట్యుటీ వర్తించునను భయముతో ఏర్పడిన ఏర్పాటు ఇది. మన పిల్లవాడు అక్కడనే పని నేర్చుచున్నాడు, కాని చట్టము దృష్టిలో వాడు ఏమియు నేర్చుట లేదు.

ముందు వరుసలలో కూర్చున్నవారిలో కార్ఖానాల యజమానులు పలువురు కలరు. వారు మన బంధువులు, ఈ సంఘ భవనమునకు ఇటుక లిచ్చినవారు. కావున మనవి చేయుటకు సంకోచింపను. పని మానుకొనిపోవు కార్మికునకు, ‘ఇతడు మా యొద్ద ఇన్నియేండ్లు ఈ మగ్గము నడిపెను’ అని ఒక్క వాక్యము వ్రాసి ఇచ్చుటకు మీలో పలువురు వెనుకాడుచున్నారు. ఆ వాక్యము రేపు లేబరు కోర్టుకు పోవునని మీ భయము. ఆ భయము నిరాధారమనను. కాని ఆ వాక్యము లేనందున కార్మికునకు కలుగు నష్టము మీ భయము కంటె ఎంతో పెద్దది. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస యోజనలో, అనుభవము వలన పని నేర్చినవానిని పరీక్షించి సర్టిఫికేటు ఇచ్చు ఏర్పాటు కలదు. ఆ పరీక్షకు పోవువానికి, అతడు ఎచ్చట ఎంతకాలము ఏ పని చేసెనో చెప్పు పత్రము ఎంతో ఆధారము. 2023లో వచ్చిన విశ్వకర్మ పథకము సంగతియు చెప్పెదను. దానిలో పదునెనిమిది వృత్తులు కలవు. దర్జీ కలడు, మాలలు కట్టువాడు కలడు, చేపలవల అల్లువాడు కలడు. సాలెవాడు లేడు! మగ్గమును నమ్ముకొన్న యింట ఒకరు కుట్టుపనికి దిగినచో గాని ఆ పథకము మన గుమ్మము తొక్కదు.

ఇక స్త్రీల మాట. ఈ నగరములో తెలుగు ఇండ్లను నిలబెట్టినది మగ్గమొక్కటే కాదు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారము చుట్టి, వేయి బీడీలకు ఇంత యని కూలి తెచ్చిన తల్లులును నిలబెట్టిరి. 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టము ఇంటి వద్ద బీడీలు చుట్టు స్త్రీని కూడ కార్మికురాలిగా గుర్తించినది. ఆ చట్టము 2025 నవంబరు 21 నుండి నూతన కార్మిక స్మృతులలో కలసిపోయినది. బీడీ కార్మికుల సంక్షేమనిధికి మూలమైన సెస్సు 2017లో జీఎస్టీతో పాటు రద్దయినది. పొగత్రాగుట తగ్గవలెనని దేశము కోరుకొనుచున్నది, అది మంచిదే. ఆ మంచికి మూల్యము చెల్లించునది ఎవరని అడిగినవారు మాత్రము తక్కువ. నలువదియైదేండ్ల తల్లి, చూపు మందగించి, నడుము వంగి, తన కుమార్తెను ఈ పనిలో పెట్టనని నిశ్చయించుకొన్నది. మరి ఏ పనిలో పెట్టవలెను?

ఈ యూర పాఠశాలల యూనిఫారములు, సిద్ధవస్త్రములు కుట్టు పరిశ్రమ పెరుగుచున్నది. కుట్టుపని నేర్పు కేంద్రములును కలవు. అయినను మన ఆడపిల్లలు వానిలో నిలువకుండుటకు కారణము సోమరితనము కాదు. కుంభారీ వైపు బీడీ కార్మికుల కొరకు కట్టిన ఇండ్లు పదివేలు. 2024 జనవరి 19న అదే ప్రాంతమున రాయ్‌నగరులో మరి పదునైదువేల ఇండ్లను ప్రధానమంత్రి కార్మికుల కప్పగించిరి. సొంత యిల్లు గొప్ప భాగ్యము, కాదనను. కాని యిల్లు ఊరి వెలుపలికి పోయినది, పని ఊరిలోనే యున్నది. శిక్షణ ఉదయము పదిగంటలకు, నల్లా నీరును ఆ వేళకే. తిరిగి వచ్చునప్పటికి చీకటి, బస్సు దిగిన చోటు నుండి నడక. నెల గడువకముందే ఆ పిల్ల మరల చాట ముందు కూర్చొనును. శిక్షణ కేంద్రమువారు రిజిస్టరులో ‘అభ్యర్థికి ఆసక్తి లేదు’ అని వ్రాసికొందురు.

కావున కుట్టుయంత్రములు ఆ కాలనీలలోనే నుండవలెనని, వేళలు బీడీ లప్పగించి వచ్చిన తరువాత నుండవలెనని, మొదటి కొన్ని వారములు పాఠము తెలుగులో చెప్పువారు కావలెనని మేము కోరుచున్నాము. తెలుగు మాట ఎత్తగానే కొందరు నొసలు చిట్లింతురు. మరాఠీ మన అన్నము పెట్టిన భాష, మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలెను, నేర్చుచున్నారు. 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఎ అధికరణము మాతృభాషలో ప్రాథమిక విద్యను గూర్చి చెప్పినది. ఆ యేడే కేంద్రము ప్రకటించిన రక్షణల పత్రము, ప్రాంతీయ భాష రానంత మాత్రమున ఉద్యోగపు తలుపు మూయరాదని సూచించినది. అవి మన హక్కులు. కాని నేడు నేను చెప్పునది అంతకంటె చిన్న సంగతి. ఏ భాషయు చదువరాని తల్లి, సూది యంత్రములో ఎట్లు ఎక్కింపవలెనో తన యింటి మాటలో వినినచో త్వరగా నేర్చును.

కాగితముల విషయమున మరియొక చిక్కు కలదు. ఇది మనవంటి పాత కుటుంబములకు ప్రత్యేకమైనది. మహారాష్ట్రములో పద్మశాలీలు ప్రత్యేక వెనుకబడిన తరగతిలో చేరినవారు, ఆ తరగతికి ఉద్యోగములలో రెండు శాతము కలదు. కాని కులపత్రము కొరకు పోయినవారిని, 1967 అక్టోబరు 13 నాటికే మీ కుటుంబము ఈ రాష్ట్రములో నుండెనా యని అడుగుదురు. షెడ్యూల్డు కులములవారిని 1950 ఆగస్టు 10 నాటి సాక్ష్యము అడుగుదురు. తెలంగాణలోని బంధువుల పత్రము ఇచట చెల్లదు. తెనాలిలో పుట్టి తండ్రి ఉద్యోగము వలన బొంబాయి చేరిన మర్రి చంద్రశేఖరరావు అను విద్యార్థి వ్యాజ్యములో, ఒక రాష్ట్రపు షెడ్యూల్డు తెగ గుర్తింపు మరియొక రాష్ట్రమునకు వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పినది. నిన్న మొన్న వచ్చినవారికి ఆ తీర్పు గోడ వంటిది. కాని మనము నాలుగు తరములుగా ఇచటివారము. మనకు అడ్డు గోడ కాదు, గోడ మీద తగిలించి మరచిపోయిన సంచి! తాతగారి మిల్లు హాజరుకార్డు, మునిసిపల్ పాఠశాల విడుపు పత్రము, ఇంటిపన్ను రసీదు, జనన నమోదు నకలు – ఇవి ఎవరి పెట్టెలలో నున్నవి? సున్నము వేయునప్పుడు ఎందరు పారవేసిరి? ఉద్యోగ ప్రకటన వెలువడిన పిమ్మట పదునైదు దినములలో వీనిని వెదకుట ఎవరి తరమును కాదు.

బహుమానములు తగ్గించినచో పిల్లల ఉత్సాహము చల్లారునని పెద్దలు చెప్పుచున్నారు. కొంత చల్లారవచ్చును. అందువలననే సగము నిధిని అట్లే యుంచుచున్నాము. కాని వేదిక నెక్కి బహుమానము పొందినవారిలో పలువురి యింట ఇప్పటికే ఒక ఉద్యోగి యుండుటను మీరు గమనించియే యుందురు. ఆ బాలునకు పూణె పోవు దారి తెలియును, దరఖాస్తు వ్రాసిపెట్టు పినతండ్రి కలడు. మార్కుల పట్టికలో పేరు లేని పిల్లకు ఇంకను మేనమామల కాలమే నడుచుచున్నది. ఎక్కడ ఖాళీ కలదో చెప్పువాడున్ననే పని. ఈ సంఘము ఆ మేనమామ స్థానమున నిలువవలెనని తీర్మానము ఉద్దేశము. అది సాలెవారికే పరిమితము కారాదు. మోచీలు, మున్నూరువారు, నగరపాలికలో పారిశుధ్యపు పని చేయు తెలుగు కుటుంబములు మన సభ్యత్వ పట్టీలో తక్కువగా కానవచ్చుచున్నవి. వారిని పిలువని రిజిస్టరు తెరచుట కంటె తెరువకుండుటయే మేలు.

ఏర్పాటు లివి. ఆదివారము ఉదయములందు సంఘ భవనములో ఒక రిజిస్టరు తెరతురు. పని వెదకువారి పేరు, వచ్చిన పని, లేని కాగితము అందులో వ్రాయుదురు. పాత పత్రములకు నకళ్లు తీసి మూలములను మరల ఇచ్చివేయుదురు. కుట్టు శిక్షణకు మనము డబ్బిచ్చు కేంద్రము, శిక్షణ ముగిసిన పిదప ఎందరికి ఏ కార్ఖానాలో ఎంత కూలికి పని దొరికినదో ఆరునెలల తరువాత వ్రాసి చూపవలెను. చూపనిచో మరుసటి విడత లేదు.

అనుభవపత్రపు నమూనాను న్యాయవాది యొకరి చేత వ్రాయించితిమి. అందులో చేసిన పని, కాలము తప్ప జీతపు లెక్కలు లేవు. ప్రతులు ద్వారము ప్రక్క బల్ల మీద నున్నవి. యజమానులు ఫలాహారమునకు లేచునప్పుడు ఒక్కొక్క ప్రతిని తీసికొని చదివి, అభ్యంతరము లున్నచో ఓటింగునకు ముందుగనే ఈ వేదిక నుండి చెప్పవలసినదిగా ప్రార్థించుచున్నాను.