ఏ పుస్తకం కొనాలి? రాజ్యాంగం, ప్రయాణికుల హక్కులు

రాజ్యాంగ చట్టం మీద లోతైన పుస్తకం కొనాలనుకునేవారికి ముందుగా ఇద్దరు కనిపిస్తారు. 1966లో వచ్చిన గ్రాన్‌విల్ ఆస్టిన్ గ్రంథం రాజ్యాంగ సభ చరిత్ర. ఏ అధికరణం వెనక ఏ వాదన నడిచిందో అందులో దొరుకుతుంది. హెచ్.ఎం. సీర్వాయి మూడు సంపుటాలది వేరే దారి: ప్రతి ముఖ్యమైన తీర్పునూ నిలదీస్తాడాయన. 1973 కేశవానంద భారతి కేసులో కేరళ ప్రభుత్వం తరఫున మౌలిక స్వరూప సిద్ధాంతానికి (రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు సవరణతో మార్చలేదన్న సూత్రానికి) ఎదురు వాదించి, తర్వాత తన పుస్తకంలోనే ఆ సిద్ధాంతాన్ని సమర్థించాడు. అంతటి నిజాయితీ ఉన్న రచయితను చదవడం గొప్ప చదువు. అయితే ఆయన 1996లో కన్నుమూశారు. ఆ తర్వాతి తీర్పులకు కొత్త ముద్రణలో ఉన్న ఎం.పి. జైన్ పుస్తకం చూడండి. మొదటిసారి చదివేవారు ఆస్టిన్‌తో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

ప్రయాణికుల హక్కుల పుస్తకాలకు మాత్రం రచయిత పేరు కన్నా ముద్రణ సంవత్సరం ముఖ్యం. రైలు ప్రమాదంలో మరణానికి పరిహారం 2017 జనవరి 1 నుంచి నాలుగు లక్షల రూపాయల నుంచి ఎనిమిది లక్షలైంది. 2018లో రీనాదేవి కేసులో, మృతుడి దగ్గర టికెట్ దొరకనంత మాత్రాన పరిహారం నిరాకరించకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. వినియోగదారుల చట్టం 2019లో పూర్తిగా మారింది. కొనేముందు ఈ మూడూ ఉన్నాయేమో పుస్తకంలో వెతకండి. మొదటిదే లేకపోతే, ఆ పుస్తకాన్ని నమ్ముకున్న కుటుంబం తనకు రావలసిన డబ్బులో సగమే అడుగుతుంది.