పాదరసము – జీవకణము



జపాను దేశమున క్యుషూ దీవి తీరముననున్న మినమాటా పట్టణములో 1950 తరువాతి యేండ్లలో పిల్లులు పిచ్చెత్తినట్లు గిరగిర తిరిగి, పడి చచ్చుచుండెను. జాలరులు దానిని పిల్లుల నాట్యమనిరి. పిమ్మట మనుష్యుల వంతు వచ్చినది. వ్రేళ్ళ తిమ్మిరి, తడబడు నడక, ముద్దమాట, గొట్టములోనుండి చూచినట్లు కుంచించుకొనిపోయిన చూపు. 1956 మే 1వ తేదీన అచటి రసాయన కర్మాగారపు ఆసుపత్రి అధిపతి డాక్టరు హజిమె హొసొకావా ఈ వింత జబ్బును గూర్చి స్థానికారోగ్య కార్యాలయమునకు తెలియపరచెను.

ఆ కర్మాగారమున అసిటాల్డిహైడు తయారీకి పాదరసమును వాడుచుండిరి. అందు పుట్టిన మిథైల్ పాదరసము మురుగునీటితో సముద్రమున గలిసి, చేపలలో చేరి, వానిని తినినవారి శరీరముల కెక్కినది.

ఇది కణములో చేయు పని యేమి? పాదరసమునకు గంధకముపై గల మక్కువ మన రసవాదులకు చిరకాలముగా తెలిసినదే. రెండింటిని కల్వములో నూరిన నల్లని కజ్జలి యగును. కణపు పనులలో అధికభాగము ప్రోటీనులవి. వానిలో పెక్కింటియందు, సిస్టీను అను భాగమున, గంధకము గలదు. పాదరసము దానిని పట్టుకొనినచో ప్రోటీను ఆకృతి చెడును, పని నిలిచిపోవును. నాడీకణమునకు ఆకారమునిచ్చు సన్నని నాళికలు విడిపోవును. విషములను కట్టివేయుటకు కణము దాచుకొనిన గ్లూటాథయోను సైతము తరిగిపోవును.

మరి మెదడు వాకిట కావలి లేదా? కలదు. కాని సిస్టీనుతో జతకూడిన మిథైల్ పాదరసము మిథియోనీను అను పోషకమును పోలియుండును. కావలివాడే మోసపోయి లోనికి తోడుకొనిపోవును. గర్భమున మావి యొద్దను ఇదే మోసము. తల్లికి కొలదిపాటి తిమ్మిరి. బిడ్డకు మెదడంతయు దెబ్బ. ఎదుగు మెదడులో కణములు విభజనచెందుచు, చోటు మారుచు నుండును గదా! చేప యెరుగని పసివానికి చేపవిషమెట్లు సోకునని వాదించిరి. 1962లో గాని ఆ బిడ్డల జబ్బు ఇదేయని అంగీకరింపలేదు. బొడ్డుతాడు ఎండబెట్టి దాచుకొను ఆచారము మన యిండ్లలో కొన్నిటవలెనే అచటను కలదు. అట్లు దాచినవానిని పరీక్షింపగా పాదరసము బయటపడినది.

1959లో హొసొకావా కర్మాగారపు మురుగునీరు కలిపిన ఆహారము పెట్టిన పిల్లి అదే నాట్యము చేసెను. యాజమాన్యము సంగతి మరుగుపరచెను. ప్రభుత్వము కారణమును అంగీకరించుటకు 1968 సెప్టెంబరు కావలసివచ్చెను. దస్త్రము కదలుటకెంత తడవగునో ఈ సభలో వేరుగ చెప్పనక్కరలేదు. 1970లో హొసొకావా, క్యాన్సరుతో మంచము పట్టియుండి, న్యాయస్థానమునకు ఆ పిల్లి వృత్తాంతమును వాఙ్మూలముగా నిచ్చెను. కొలది మాసములలో కన్నుమూసెను.