కింది దవడలో నరం దారి

నేను డాక్టరును కాను, ఫైళ్లు రాసిన గుమాస్తాను. కట్టుడు పళ్లు పెట్టించుకున్నాక తెలుసుకున్న సంగతి మనవి చేస్తాను.

కింది దవడ ఎముక లోపల గొట్టంలాంటి దారిలో ఒక నరం నడుస్తుంది. సాధారణంగా చిన్న దవడపళ్ల కిందనున్న రంధ్రం గుండా బయటికి వచ్చి కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిస్తుంది. ఈ దారి అందరికీ ఒక్కలా ఉండదు. కొందరికి రెండుగా చీలుతుంది. అలాంటివారికి మత్తుసూది వేసినా పన్ను పీకేటప్పుడు నొప్పి తెలియవచ్చు. వారిని పిరికివాళ్లని గదమాయించడం న్యాయం కాదు.

మన వయసువారికి ఇంకో చిక్కుంది. పళ్లు ఊడాక పైఎముక ఏటేటా అరిగి, ఆ రంధ్రం చిగుళ్ల అంచుకు దగ్గరవుతుంది. పళ్లసెట్టు అక్కడ నొక్కితే నమిలినప్పుడల్లా పెదవిదాకా కరెంటు కొట్టినట్టుంటుంది. నాకు జరిగిందదే. ఎక్స్‌రే తీసి, సెట్టును ఆ చోట కొంచెం అరగదీశారు. ఇప్పుడు హాయిగా అన్నం తింటున్నాను. మాటలు కూడా పెరిగాయని మా ఆవిడ ఫిర్యాదు!

ఇంప్లాంటు పళ్లు బిగించేముందు స్కాన్‌లో నరం దారి చూపించమని అడగండి. నరం దెబ్బతింటే పెదవి తిమ్మిరి శాశ్వతంగా ఉండిపోవచ్చు. కారణం లేకుండా గడ్డం మొద్దుబారితే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించుకోండి.