ధనావేశము, ఋణావేశము

మన గ్రంథాలయమునకు వచ్చు ఉన్నతపాఠశాల పిల్లలు తరచుగా అడుగు ప్రశ్న యొకటి గలదు. గాజుకడ్డీని పట్టుగుడ్డతో రుద్దినచో ఎలక్ట్రానులను పోగొట్టుకొన్న గాజునకు ధనావేశము, పుచ్చుకొన్న పట్టునకు ఋణావేశమా? ఇదెక్కడి న్యాయము?

ఫ్రాంక్లిన్ 1747లో పెట్టిన గుర్తులవి. ఎలక్ట్రాను బయటపడినది 1897లో. అయినను లెక్కలు వ్రాయు నాకిది సబబుగానే తోచును. ఎలక్ట్రాను సొమ్ము కాదు, అప్పు. అప్పు వదలించుకొన్నవాడు ధనికుడు, నెత్తిన వేసికొన్నవాడు ఋణికుడు. రెండు ఖాతాలును కలిపిన మొత్తమునకు మాత్రము వృద్ధిక్షయములు లేవు.

ఈ పద్దులో అరకాసు చెల్లదు. 1909లో నూనెబిందువులపై ప్రయోగము మొదలిడిన మిల్లికన్ మహాశయునకు ప్రతి బిందువునందును ఒకే కనిష్ఠావేశపు పూర్ణగుణిజములే దొరికినవి. అట్టి కాసులు సుమారు 62,400 కోట్ల కోట్లు కూడినగాని ఒక కూలూంబు కాదు. కావుననే దీపము క్రింద చదువుకొను మనకు ప్రవాహమే గాని చిల్లర కానరాదు.