మొక్కకు గీత గీస్తే పేట ఎటు పోవాలి?

(కూర్మన్నపాలెం సభలో చేసిన ప్రసంగం)



ఉక్కు గేటు ముందు మొక్కల ముచ్చటేమిటనుకోకండి. భూమి చుట్టూ గీత పడితే ఏమవుతుందో ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

శేషాచలం కొండల్లో సైకస్ బెడ్డోమి అనే మొక్క ఉంది. చూడ్డానికి ఈతచెట్టులా ఉంటుంది. ఆడది వేరు, మగది వేరు. మందుల కోసం మగకంకులు కోసుకుపోతే ఆడచెట్టుకు గింజ పట్టదు. పట్టినా బరువు గింజ, గాలికి ఎగరదు. అక్కడ 1989లో జాతీయ పార్కు, 2010లో బయోస్ఫియర్ ప్రకటించారు. మంచిదే. కానీ ఎండలు ముదిరి, వాన అదను తప్పితే మొక్కకు సరిపడే చోటే జరిగిపోతుంది. గీత మాత్రం ఫైల్లో ఉన్నచోటే ఉంటుంది. అందుకే రేపు అది బతకగల చల్లని లోయల్నీ, నీడ వాలుల్నీ ఇప్పుడే కాపాడాలనీ, నడుమ అడవి తెగకూడదనీ శాస్త్రజ్ఞులు అంటున్నారు. నిజమే. 2014 హుద్‌హుద్‌లో కంబాలకొండ చెట్లు కూలడం మనం చూశాం కదా! ఒక్కచోటే దాచుకుంటే ఒక్క గాలికే పోతాయి.

మరి ఆ లోయల్లో ఉన్నదెవరు? డి-పట్టాల వాళ్ళు, పోడు చేసుకునేవాళ్ళు, మేకలు మేపుకునేవాళ్ళు. 2030 నాటికి నేలలో 30 శాతం కాపాడతామని 2022 డిసెంబరులో మాంట్రియల్లో దేశాలు ఒప్పుకున్నాయి. అంటే కొత్త గీతలు వస్తాయి. ఎర్రచందనం కాపాడే పేరుతో 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలంలో 20 మంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చచ్చిపోయారు. కాపలా అంటే పేదోడికి తుపాకీయేనా?

2006 అటవీ హక్కుల చట్టం చూడండి. గిరిజనుడు 2005 డిసెంబరు 13కి ముందునుంచీ అడవిలో బతుకుతుంటే చాలు. దళితుడైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు రుజువు చెయ్యాలి! చదువే మా తరంతో మొదలైతే 75 ఏళ్ళనాటి కాగితం మాలపేటలో, మాదిగపేటలో ఎక్కడ దొరుకుతుంది? ఈ షరతు ఎత్తెయ్యాల్సిందే. అంతవరకూ ఒక దారుంది. రాసిపెట్టిన పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని నియమాల్లోనే ఉంది. ఆ సంగతి పేటకొచ్చి చెప్పినోడు లేడు.

వన్యప్రాణుల కోసం జనాన్ని కదపాలంటే గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలని కూడా ఆ చట్టమే అంటుంది. కాబట్టి మ్యాపు ముందు గ్రామసభకు రావాలి. ఆ సభ రచ్చబండ దగ్గర కాదు, పేటలో జరగాలి. ఏ మొక్క ఏ గట్టున మొలుస్తోందో, ఏది పైకి జరిగిందో కట్టెలకెళ్ళే ఆడవాళ్ళకు తెలుసు. వాళ్ళను దినకూలి కాపలాదారులుగా కాదు, గీత ఎక్కడ పడాలో చెప్పేవాళ్ళుగా కూర్చోబెట్టాలి.

కొండకింది పేటల్లో ముసలివాళ్ళు బతికుండగానే వాంగ్మూలాలు రాయించండి. కబురు పెడితే మేం పంతుళ్ళం వచ్చి రాసిపెడతాం. కాగితం ఖర్చు కూడా మాదే.