నోటి తడి

(మన సంఘం ఏర్పాటు చేసిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మనవి. నేను డాక్టరును కాను. ముప్పై మూడేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు కదిలించినవాణ్ణి. అయినా ఈ విషయం మీద మాట్లాడతానని కార్యదర్శిగారిని నేనే అడిగాను. రెండేళ్ళలో ఐదు పళ్ళు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం ఇది. మీలో ఒక్కరికైనా ఆ నష్టం తప్పితే చాలు.

కొత్త ఆవకాయ జాడీ మూత తీశారనుకోండి. చూశారా, ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు అప్పుడే గుటక వేశారు! ఆ గుటక వేయించినవే లాలాజల గ్రంథులు. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ వేలు తడుపుకుని కాగితాలు తిప్పాం, కవర్లు నాలుకతో అంటించాం. అంతకు మించి ఉమ్మి గురించి మనం ఆలోచించింది లేదు. ఎంగిలి అని దూరం పెట్టాం.

ఈ గ్రంథుల్లో పెద్దవి మూడు జతలు. చెవుల ముందు బుగ్గల్లో ఉండేవి పెరోటిడ్ గ్రంథులు. దవడ ఎముక కింద ఒక జత, నాలుక కింద ఒక జత. ఇవిగాక పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో కంటికి ఆనని చిన్న గ్రంథులు కొన్ని వందలు ఉంటాయి. అన్నీ కలిసి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలాన్ని స్రవిస్తాయి. అందులో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు నీరే. మిగిలిన ఆ ఒక్క పాలులోనే ఉంది అసలు సంగతి.

అందులో ఎమైలేజ్ అనే ఎంజైము ఉంది. మనం చదువుకునే రోజుల్లో దాన్ని టయలిన్ అనేవారు. వట్టి అన్నం ముద్దను మింగకుండా బాగా నమలండి, కాసేపటికి తియ్యగా తగులుతుంది. పిండిపదార్థం అప్పుడే చక్కెరగా మారడం మొదలైందన్నమాట. లైసోజైమ్ అనే మరొకటి కొన్ని బాక్టీరియాలను చంపుతుంది. దాన్ని 1922లో గుర్తించినది అలెగ్జాండర్ ఫ్లెమింగ్, తరువాత పెన్సిలిన్ కనిపెట్టిన ఆయనే. ఇక కాల్షియం, ఫాస్ఫేటు, బైకార్బొనేటు పళ్ళకు కాపలా కాస్తాయి. తీపి తిన్న కొద్ది నిమిషాలకే నోట్లో ఆమ్లం పుట్టి పంటి మీది ఎనామిల్‌ను కరిగించడం మొదలుపెడుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని మళ్ళీ పంటికి చేరుస్తుంది. మాట్లాడాలన్నా, మింగాలన్నా, రుచి తెలియాలన్నా, చివరికి కట్టుడు పళ్ళు చిగురుకు అంటుకుని నిలవాలన్నా ఆ తడి ఉండాల్సిందే.

ఈ గ్రంథులు నరాల ఆజ్ఞ మీద పనిచేస్తాయి. జీర్ణక్రియ మీద పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కల మీద చూపించినది ఇదే. తిండి నోట్లో పడకముందే, అది వస్తుందన్న గుర్తు తెలిస్తే చాలు, నోరూరుతుంది. భయం వేస్తే మాత్రం ఆరిపోతుంది. ఆడిట్‌వారు వచ్చిన రోజు మన నోళ్ళు ఎలా ఉండేవో గుర్తు చేసుకోండి.

ఇక నా సంగతి. నాకు రాత్రిళ్ళు నోరు పిడచకట్టుకుపోవడం మొదలైంది. మూడు నాలుగుసార్లు లేచి నీళ్ళు తాగేవాణ్ణి. షుగరేమోనని పరీక్ష చేయించాను, లేదన్నారు. వయసు మీద పడింది కదా అని సరిపెట్టుకున్నాను. నోట్లో తడి కోసం జేబులో పిప్పరమెంటు బిళ్ళలు పెట్టుకుని రోజంతా చప్పరించేవాణ్ణి. అక్కడే నా కొంప మునిగింది. కాపలా లేని ఇంటికి దొంగను నేనే పిలిచాను. చిగురు దగ్గర పళ్ళు నల్లబడి పుచ్చిపోయాయి. రొట్టె ముక్క గొంతు దిగేది కాదు. మా ఆవిడ చేసిన కూరలు రుచిగా లేవని విసుక్కున్నాను కూడా. తప్పు కూరది కాదు, నా నాలుకది.

చివరికి పళ్ళ డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "మీరు ఏమేం మందులు వాడుతున్నారండీ?" అని. తుమ్ములకు ఒకరు రాసిన మాత్ర, మూత్రం ఆపుకోలేకపోతే మరొకరు రాసిన మాత్ర, కాళ్ళ మంటలకు రాత్రి పూట వేసుకోమని ఇంకొకరు రాసిన మాత్ర. మూడూ లాలాజల గ్రంథికి నరాలు పంపే కబురును అడ్డుకునేవేనట. ఎవరి మందు వారు సరిగ్గానే రాశారు. ఒకరు రాసినది మరొకరికి చెప్పాల్సినవాణ్ణి నేను, చెప్పలేదు. ఒకే విషయం మీద మూడు సెక్షన్లలో మూడు ఫైళ్ళు నడిస్తే ఏమవుతుందో మనకు తెలియనిదా! ఆ తరువాత డాక్టర్లు ఒక మందు మార్చి, ఇంకొకటి తగ్గించారు. నెల తిరిగేసరికి నోరు కొంత తేరుకుంది. పళ్ళు మాత్రం తిరిగి రాలేదు.

కనుక నోరు ఎండితే వృద్ధాప్యం ఖాతాలో రాసి ఊరుకోకండి. వయసు కంటే మందులే ఎక్కువసార్లు కారణం. షుగరు అదుపు తప్పినా, నోటితో గాలి పీల్చే అలవాటున్నా ఎండుతుంది. తల, మెడ కాన్సరుకు రేడియేషన్ ఇచ్చినవారిలో గ్రంథులు బాగా దెబ్బతినవచ్చు. నోటితోపాటు కళ్ళు కూడా ఎండి, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంటే షోగ్రెన్ వ్యాధి ఉందేమో చూపించుకోవాలి. 1933లో దీన్ని వివరంగా రాసిన స్వీడన్ కంటి వైద్యుడి పేరే దానికి పెట్టారు. శరీరంలోని రక్షణ వ్యవస్థ తన గ్రంథుల మీదే తిరగబడే జబ్బు ఇది. ఎక్కువగా నడివయసు దాటిన ఆడవారికి వస్తుంది. ఇంట్లో ఆడవారు ఇలాంటివి పైకి చెప్పరు, మనమే అడగాలి.

ఈ గ్రంథులకు వచ్చే మిగతా జబ్బులు కొన్ని చెబుతాను. అన్నానికి కూర్చోగానే దవడ కింద వాచి నొప్పెట్టి, తిన్నాక మెల్లగా తగ్గుతుంటే నాళంలో రాయి ఉండవచ్చు. ఈ రాళ్ళు ఎక్కువగా దవడ కింది గ్రంథికే వస్తాయి. దాని నాళం పొడుగు, లాలాజలం పైకి ఎక్కాలి, పైగా అది చిక్కన. గవదబిళ్ళలు వైరస్ వల్ల వస్తాయి. యుక్తవయసు దాటిన మగవారికి వస్తే వృషణాలు వాయవచ్చు. మనవలకు వేయించినది ఎం.ఎం.ఆర్. టీకాయో, ఎం.ఆర్. టీకాయో కార్డు చూడండి. రెండక్షరాల టీకాలో గవదబిళ్ళల భాగం ఉండదు. ఇక చెవి ముందు నొప్పి లేని గడ్డ కనిపిస్తే కంగారు పడకండి, పెరోటిడ్ గడ్డల్లో ఎక్కువ భాగం కాన్సరు కాదు. అలాగని వాయిదా వేయకండి. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథిలోంచే పోతుంది. గడ్డతోపాటు మూతి వంకర పోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

చేయవలసినవి చెప్పి ముగిస్తాను. నీళ్ళు ఒక్కసారిగా కాకుండా గుక్కెడు గుక్కెడు తాగండి. గుండె, మూత్రపిండాల జబ్బుతో నీళ్ళకు లెక్క పెట్టినవారు మాత్రం డాక్టరును అడగండి. చారు, మజ్జిగ కలుపుకుని మెత్తగా తినండి. చప్పరించాలంటే చక్కెర లేనివే చప్పరించండి. ఫ్లోరైడు పేస్టుతో రెండు పూటలా తోముకోండి. కట్టుడు పళ్ళు రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో పెట్టండి. నాలుక మీద తెల్లని పొరలు కడితే చూపించండి. చుట్ట, జర్దా, గుట్కా మానండి.

అన్నింటికంటే ముఖ్యం, మీరు వాడే మాత్రలన్నీ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఆ కాగితం చూపండి. ఏ మందూ మీ అంతట మీరు మానకండి. సర్వీసు రిజిస్టరులో ఒక్క ఎంట్రీ తప్పిపోయినా పెన్షను ఆగిపోతుందని భయపడినవాళ్ళం మనం. ఈ కాగితం కూడా అంత జాగ్రత్తగా రాసుకుందాం.

 ఇంతసేపు మాట్లాడినా మధ్యలో రెండుసార్లే నీళ్ళు తాగాను, గమనించారో లేదో!

సెలవు. నమస్కారం.