ముక్కు నుంచి రక్తమా? వేడి చేసిందని వదిలేయకండి
(సంక్రాంతి సంబరాల రోజు మన గుడి ఆరోగ్య సేవా బృందం చేసిన ప్రసంగ పాఠం)

భోజనాల వేళ దగ్గరపడింది కాబట్టి క్లుప్తంగానే చెబుతాం.

ముక్కు నుంచి రక్తం కారగానే మన ఇళ్లలో వినిపించే మొదటి మాట, "వేడి చేసింది". తల వెనక్కి వాల్చి నెత్తిన చన్నీళ్లు పోస్తాం. తల వెనక్కి వాలిస్తే రక్తం గొంతులోకి జారి, కడుపులో చేరి, వాంతి అవుతుంది. అందుకే కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, ముక్కు కింది మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా నొక్కి పట్టండి. గడియారం చూసి 15 నిమిషాలు. ఆగిందా లేదా అని మధ్యలో వదిలి చూడకండి. నోట్లోకి వచ్చిన రక్తం ఉమ్మేయమనండి.

ఇక్కడి చలికాలంలో ముఖ్య కారణం పొడిగాలి. హీటర్ వేడికి ముక్కు లోపలి పలుచని పొర ఎండి పగులుతుంది. పిల్లలు వేలు పెట్టి గోకితే చాలు. జలుబు, అలర్జీ కూడా కారణాలే. హ్యూమిడిఫైయర్‌తో ఇంట్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. ఉప్పునీటి స్ప్రే, ముక్కు అంచున కాస్త వ్యాజిలిన్ మేలు చేస్తాయి.

పెద్దవాళ్ల సంగతి వేరు. గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడేవారికి రక్తం త్వరగా ఆగదు. అలాగని మందు సొంతంగా మానేయకూడదు, డాక్టరును అడగాలి.

ఇక ఉమ్ములో రక్తం. పళ్లు తోముకున్నప్పుడు కనిపిస్తే చాలావరకు చిగుళ్ల వాపే, డెంటిస్టుకు చూపించండి. రాత్రి ముక్కులో కారిన రక్తం పొద్దున ఉమ్ములో కనిపించవచ్చు. వక్కపొడి, జర్దా, గుట్కా అలవాటున్నవారి నోట్లో మూడు వారాలైనా మానని పుండు ఉంటే ఆలస్యం చేయవద్దు. దగ్గుతో రక్తం పడితే అది ఊపిరితిత్తుల సంగతి. క్షయ ఏళ్ల తరబడి ఒంట్లో నిద్రపోయి, తర్వాత లేవగలదు.

ఇండియా నుంచి వచ్చిన రెండు వారాల లోపు జ్వరంతోపాటు ముక్కు, చిగుళ్ల నుంచి రక్తం వస్తే డెంగీ కావచ్చు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేయకుండా ఆస్పత్రికి వెళ్లి, ప్రయాణం సంగతి తప్పక చెప్పండి.

అరగంట నొక్కినా ఆగకపోయినా, తలకు దెబ్బ తగిలినా, కళ్లు తిరిగినా, ఊపిరి ఆడకపోయినా, దగ్గితే రక్తం ఎక్కువగా పడినా 911కి ఫోన్ చేయండి.

చివరగా ఒక్క మనవి. మనల్ని చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు ఇలాంటివి చెప్పరు. ఇక్కడ ఆస్పత్రి ఖర్చు ఎంతో వాళ్లకు తెలుసు. పిల్లలకు భారమని, రక్తం పడ్డ టిష్యూను మడిచి చెత్తబుట్టలో వేసేస్తారు. వాళ్లు రాకముందే ఇన్సూరెన్స్ చూసుకోండి. వచ్చాక వాళ్ల మందుల చీటీ ఫోటో తీసి ఫోనులో ఉంచుకోండి. అప్పుడప్పుడూ పక్కన కూర్చుని మీరే అడగండి. మనం అడిగితేనే వాళ్లు చెబుతారు.